ఎడమవైపు నూరిన కత్తి

మా పెద్దమ్మ మంచిమనిషని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. పనిమంతురాలు, అది ఒప్పుకుంటాను. ఎండిపోయేలా ఉన్న కొమ్మను చేతిలో పెట్టినా బతికిస్తుంది. కానీ ఎవరైనా ఒక మాట అంటే, ఆ మాట అన్న రోజు, అన్న చోటు, అప్పుడు ఎవరెవరు నవ్వారు, ఎవరు మొహం తిప్పుకున్నారు, అన్నీ గుర్తుపెట్టుకునే రకం. నేనూ ఆవిడ చెల్లెలి కూతురినే కాబట్టి ఆ బుద్ధి నాకూ కొంత అబ్బింది. అందుకే ఈ సంగతి ఇంత సంబరంగా చెబుతున్నాను.

మేమిద్దరం ఒకే నర్సరీలో పనిచేస్తాం. నేను మొక్కలకు అట్టలు చుట్టి పెట్టెల్లో సర్దుతాను. పెద్దమ్మ అంట్లు కడుతుంది, అంటే ఒక మొక్క మొదలుకు ఇంకో చెట్టు కొమ్మ అతికిస్తుంది. రేకుల షెడ్డులో పొడుగాటి బల్ల, దానికి అటూ ఇటూ ఎనిమిది పీటలు. కిటికీ పక్కనున్నది మొదటి పీట. తోట చివర ఒక ముసలి నిమ్మచెట్టు ఉంది, పండు తియ్యగా ఉండే రకం, ఇంకెక్కడా లేదంటారు. ఆ తల్లిచెట్టు కొమ్మలు ముట్టుకునే హక్కు మొదటి పీట వాళ్ళకే. ఏటా ఒకరోజు, దాన్ని లెక్క రోజంటారు, అందరూ తలా వంద అంట్లు కడతారు. నెల తిరిగాక యజమాని వచ్చి చిగురు పెట్టినవి లెక్కపెడతాడు. ఎవరివి ఎక్కువ బతికితే వాళ్ళది మొదటి పీట. నేను చేరినప్పటినుంచీ అది మేస్త్రీదే. నేను పుట్టకముందునుంచీ కూడా ఆయనదేనట.

పెద్దమ్మది ఎడంచేతివాటం. షెడ్డులో అందరూ ఆవిడను ఎడమమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది మేస్త్రీయే. పనిలో చేరిన మొదటి వారం ఎడం చేత్తో కత్తి పట్టుకుంటే వేళ్ళ మీద బెత్తంతో కొట్టాడట. పదిహేడేళ్ళ పిల్ల అప్పుడు. కుడిచేత్తో రెండు వారాలు కోసింది, కోసిన ప్రతి కొమ్మా ముక్కలైంది. చివరికి ఆయనే విసుగెత్తి వదిలేశాడు.

ఇక్కడ కత్తి గురించి ఒక ముక్క చెప్పాలి. అంటు కట్టే కత్తికి ఒకవైపే నూరి ఉంటుంది, రెండోవైపు చదునుగా ఉంటుంది. ఆ చదునువైపు కొమ్మకు ఆనుకుని నడిస్తేనే కోత తిన్నగా వస్తుంది. కింది మొక్క కోత, పైకొమ్మ కోత రెండు అరచేతుల్లా అతుక్కోవాలి, మధ్యలో గాలి దూరిందా, అంటు చచ్చిందన్నమాటే. కత్తులన్నీ కుడిచేతి వాళ్ళకోసమే చేస్తారు. అదే కత్తి ఎడం చేత్తో పట్టుకుంటే నూరినవైపు కొమ్మమీదికి వస్తుంది, కత్తి అలుగు లోపలికి దిగిపోయి కోత చెంచాలా గుంటపడుతుంది. పెద్దమ్మ ఏం చేసిందంటే, కోత సగంలోకి వచ్చేసరికి మణికట్టును ఇంత, కంటికి ఆననంత, బయటికి తిప్పడం నేర్చుకుంది. అలా తిప్పితిప్పి నూటికి ఎనభై బతికించేది. మిగతావాళ్ళకు తొంభై బతికేవి. అందుకని సగం రోజులు ఆవిడకు కోత పని ఇచ్చేవాళ్ళు కాదు, దారం చుట్టమనేవాళ్ళు.

ఒకసారి అడిగింది కూడా. "మేస్త్రీగారూ, ఒక్క కత్తి నాకోసం అటువైపు నూరిపించండి. నాకూ తొంభై వస్తాయి."

"బల్ల మీది కత్తి అందరిదీనమ్మా. నీ ఒక్కదానికోసం పాడుచెయ్యమంటావా?" అన్నాడాయన. అంతటితో ఊరుకోలేదు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినబడేలా, "కత్తికి కుడీ ఎడమా ఏంటి? చేతకానివాళ్ళకు అన్నీ సాకులే" అన్నాడు. ఆరుగురు నవ్వారు. ఏ వరసలో నవ్వారో పెద్దమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఆ షెడ్డు పద్ధతి అది. కత్తులన్నీ బల్ల మధ్య పళ్ళెంలో ఉంటాయి, ఎవరి చేతికి ఏది వస్తే అది. సొంత కత్తి తెచ్చుకున్నా సరే, బల్ల మీద పెడితే అందరిదీ అయిపోతుంది.

పెద్దమ్మ ఆ సాయంత్రం ఇంటికి రాలేదు. రెండు బస్సులు మారి కత్తులు చేసే ముసలాయన దగ్గరికి వెళ్ళింది. ఎడమవైపు నూరిన మడతకత్తి కావాలంది. ఆయన ఆవిడ చెయ్యి తిప్పించి చూసి, వేళ్ళ పొడవు కొలుచుకుని, నల్లకర్ర పిడితో చేసిపెట్టాడు. ఖరీదు చెప్పినప్పుడు పెదనాన్న మంచం మీద కూలబడ్డాడు. పెదనాన్న బస్సు కండక్టరు, మాట కింద పడనివ్వడు. "దానికో ఊయల కూడా కట్టు, ఊపుతూ కూచుందాం" అన్నాడు.

ఊయల కట్టలేదు గానీ దాదాపు అంత పనీ చేసింది. మెత్తటి గుడ్డలో చుట్టి, బీరువాలో దుప్పట్ల కింద పెట్టింది. నాలుగేళ్ళు పెట్టింది. ప్రతి సెలవురోజూ మధ్యాహ్నం బయటికి తీసేది. మడత విప్పేది, నూనె చుక్క రాసేది, వెలుతురుకు పట్టి చూసేది. చూస్తూ చూస్తూ పళ్ళు నూరేది. "ఈ ఏడు లెక్క రోజున చూపిస్తా వాడికి" అనేది. షెడ్డులో 'గారు' తగిలించకుండా పిలవని మనిషి, ఇంట్లో ఆయన్ని ఏమేం తిట్టేదో ఇక్కడ రాయడం కుదరదు.

"మరి రేపే తీసుకెళ్ళొచ్చుగా పెద్దమ్మా?" అన్నాన్నేను.

"మొక్కల పాలు అంటితే మచ్చపడుతుందే. ఎవడో పళ్ళెంలోంచి లాక్కుంటాడు. కింద పడితే?"

ఇవి పైకి చెప్పే కారణాలు. అసలు కారణం నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. పాత కత్తితో ఇరవై అంట్లు చచ్చిపోతే అది కత్తి తప్పు. ఈ కత్తితో చచ్చిపోతే ఎవరి తప్పు? బీరువాలో ఉన్నంతకాలం పెద్దమ్మ ఓడిపోదు. కసిని కూడా అలాగే దుప్పట్ల కింద భద్రంగా పెట్టుకుంది.

నాలుగో ఏడు లెక్క రోజున మాత్రం తెచ్చింది. చీర కుచ్చిళ్ళలో దోపుకుని తెచ్చింది. బల్ల మీద పెట్టకుండా చేతిలోనే ఉంచుకుని వంద అంట్లూ కట్టింది. నేను పని మానేసి గుమ్మంలో నిలబడి చూశాను. కత్తి మెత్తగా వెన్నలోకి దిగినట్టు దిగుతోంది. పెద్దమ్మ మొహం వెలిగిపోతోంది. ఇక మేస్త్రీ పని అయిపోయిందనుకున్నాను.

నెల తిరిగింది. యజమాని లెక్కపెట్టాడు. మేస్త్రీవి తొంభై మూడు. పెద్దమ్మవి యాభై ఒకటి.

షెడ్డులో అందరికంటే తక్కువ. పనిలో చేరినప్పటినుంచీ ఆవిడకు ఎప్పుడూ అంత తక్కువ రాలేదు. మేస్త్రీ నవ్వలేదు కూడా, అదే ఎక్కువ మండింది. భుజం తట్టి, "చెప్పానుగా ఎడమమ్మా, కత్తిలో ఏముంటుంది?" అన్నాడు.

ఆ రాత్రి పెద్దమ్మ తిండి తినలేదు. మర్నాడు సెలవు పెట్టింది. నేను వెళ్ళేసరికి వంటింట్లో నేలమీద కూర్చుని, చుట్టూ ఎండు కొమ్మలు పోసుకుని కోస్తోంది. కోసిన ప్రతి ముక్కనూ కిటికీ వెలుతురులో పెట్టి చూస్తోంది.

"చూడవే" అని ఒక ముక్క నా చేతికిచ్చింది. కోత మొదట్లో అద్దంలా ఉంది. సగం దాటాక బయటికి వంపు తిరిగింది. "ఎక్కడ వంగిందో చూశావా? నా చెయ్యి తిరుగుతోంది. ఇన్నేళ్ళు వంకర కత్తికి అలవాటుపడిన చెయ్యి, తిన్నని కత్తి ఇచ్చినా వంకరగానే తిరుగుతోంది. నేను తిప్పట్లేదే, అదే తిరుగుతోంది!"

అని ఏడ్చింది. పెద్దమ్మ ఏడవగా చూడడం నాకదే మొదలు. ఏడుపు ఆపి ఇంకో మాట అంది. "నాలుగేళ్ళు దీన్ని పండబెట్టాను చూడు, ఆ నాలుగేళ్ళూ రోజూ కోసుంటే ఈపాటికి చెయ్యి మారేది. వాణ్ణి కాదు, ముందు నన్ను కొట్టాలి."

ఆ రోజునుంచి కత్తి బీరువా ఎక్కలేదు. మెళ్ళో తాడుకు కట్టి వేలాడదీసుకుంది. షెడ్డులో దారం చుట్టమన్నప్పుడు చుట్టేది, మధ్యలో కత్తిరించి పారేసిన రెమ్మలు ఏరుకుని కోసేది. ఎరువు బస్తాల కుట్లు దానితోనే విప్పేది. ఇంట్లో ఉల్లిపాయలు, కూరగాయలు, పెదనాన్న చెప్పుల పట్టీ, అన్నింటికీ అదే. మొదటి గీత పడిన రోజు మాత్రం నాకు గుర్తుంది. బస్తాలో రాయి తగిలి అలుగు మీద వెంట్రుకంత గీత పడింది. పెద్దమ్మ దాన్ని బొటనవేలితో తడిమి చూసుకుంది. తర్వాత ఇంకో బస్తా లాక్కుంది. పదో గీత పడేసరికి లెక్క మానేసింది. నల్ల పిడి అరచేతి చెమటకు బూడిదరంగు తిరిగింది.

"ఊయల పిల్ల ఇంటెడు చాకిరీ చేస్తోందే!" అన్నాడు పెదనాన్న. పెద్దమ్మ నవ్వలేదు. ఆవిడ ధ్యాసంతా మణికట్టు మీదే. నిద్రలో కూడా చెయ్యి కదిలేదట. ఏడెనిమిది నెలలకు మణికట్టు తిరగడం మానేసింది.

మేస్త్రీ ఆ కత్తి వైపు ఏడాది పొడుగునా ఓరగా చూస్తూనే ఉన్నాడు. "ఒకసారి ఇలా ఇవ్వమ్మా, చూస్తాను" అని రెండుమూడుసార్లు అడిగాడు. "చేతకానివాళ్ళ కత్తి మీకెందుకు లెండి" అనేది పెద్దమ్మ, తాడు జాకెట్టులోకి దోపుకుంటూ.

మళ్ళీ లెక్క రోజు వచ్చింది. ఆ రోజు మొక్కలు కొనే పెద్ద వర్తకులు కూడా వస్తారు. వాళ్ళ ముందు మొదటి పది అంట్లూ మేస్త్రీ నిలబడి కట్టి చూపిస్తాడు, ఎప్పుడూ ఉన్న ఆనవాయితీయే. పొద్దున నేను అట్టపెట్టెలు తెస్తుంటే పెద్దమ్మ మెళ్ళో తాడు విప్పుతోంది. కత్తి మడత తెరిచి, పళ్ళెంలో అన్నింటికంటే పైన పెట్టింది.

"పెద్దమ్మా! తీసుకుంటాడు!"

"తీసుకోనీ" అంది. ఆ మొహం చూసి నేను పెట్టెలు అక్కడే దించేశాను.

వర్తకులు వచ్చారు, యజమాని వచ్చాడు. మేస్త్రీ పళ్ళెంలోకి చెయ్యిపెట్టి, ఆగి, పెద్దమ్మను చూసి నవ్వాడు. "బల్ల మీద పెట్టిన కత్తి అందరిదీనమ్మా" అన్నాడు. పెద్దమ్మ తలూపింది.

మొదటి కోతకే ఆయనకు తెలిసిపోయింది. అంత పనివాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? కుడిచేతిలో ఆ కత్తి కొమ్మలోకి దిగబడింది, కోత గుంటపడింది. తల తిప్పి పెద్దమ్మ వైపు చూశాడు. పెద్దమ్మ కూడా ఆయన్నే చూస్తోంది, రెప్ప వెయ్యకుండా. ఇది ఎడమచేతి కత్తి, నాకు కుదరదు అని ఒక్కమాట అంటే సరిపోయేది. వేరే కత్తి తీసుకునేవాడు. కానీ ఆ మాట అంటే ఇన్నేళ్ళూ ఏమన్నాడో అదంతా ఏమైపోవాలి? అప్పుడు నవ్విన ఆరుగురూ అక్కడే ఉన్నారు మరి. మింగలేక కక్కలేక నిలబడ్డాడు.

"కానివ్వండి మేస్త్రీగారూ" అంది పెద్దమ్మ, ఎంత మర్యాదగానో.

పది అంట్లూ ఆ కత్తితోనే కట్టాడు. పదింటికీ ఆయన పేరున్న చీటీలు తగిలించారు. ఆ తర్వాత పెద్దమ్మ కత్తి తీసుకుని, కొంగుతో తుడిచి, తన పీట మీద కూర్చుని వంద కట్టింది. మేస్త్రీ మిగతా తొంభై పాత కత్తితో కట్టాడు గానీ, ఆ రోజు ఆయన చెయ్యి ఆయన మాట వినలేదు.

నెల తిరిగాక పెద్దమ్మవి తొంభై ఆరు. మేస్త్రీవి డెబ్భై ఏడు. మొదటి పదిలో ఒక్కటీ చిగురు పెట్టలేదు. యజమాని కిటికీ పక్క పీట చూపించాడు. పెద్దమ్మ వెళ్ళి కూర్చుంది. తల్లిచెట్టు కొమ్మలు తెప్పించుకుంది.

ఎండిన పది మొక్కల్నీ పారేద్దామని నేను తొట్టి తెచ్చాను. "ముట్టుకోకు" అంది. షెడ్డు గుమ్మం దగ్గర వరసగా పెట్టించింది, చీటీలు కనబడేలా. "రోజూ నీళ్ళు పొయ్యి."

"చచ్చినవాటికి నీళ్ళెందుకు పెద్దమ్మా?"

"వచ్చేపోయేవాళ్ళకు కనబడాలిగా."

పోశాను. మేస్త్రీ రోజూ పొద్దునా సాయంత్రం వాటి పక్కనుంచే నడవాలి. మొదట్లో గబగబా దాటేవాడు. తర్వాత నెమ్మదిగా దాటడం మొదలుపెట్టాడు. ఒకరోజు అక్కడే ఆగి, వంగి, ఒక ఎండు అంటును విప్పి కోతను చాలాసేపు చూశాడు. ఉత్త చేత్తో గాలిలో కోస్తున్నట్టు రెండుసార్లు చెయ్యి ఆడించాడు. అప్పుడు నాకు ఒక్క క్షణం జాలేసింది. అబద్ధమెందుకు, వేసింది.

ఆయన లోపలికి వచ్చి పెద్దమ్మ పీట ముందు నిలబడ్డాడు. షెడ్డంతా చేతులాపి చూస్తోంది.

"ఒకటడుగుతానమ్మా. నాకు పదిలో ఒక్కటీ బతకలేదు. నీకు ఆ కత్తులతో ఇన్నేళ్ళూ నూటికి ఎనభై ఎలా బతికాయి? చెయ్యి ఏం చేసేదానివి?"

బెదిరింపు లేదు, వెక్కిరింపు లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. పనివాడు పనివాణ్ణి అడిగినట్టు అడిగాడు. ఆ మాట కోసమే పెద్దమ్మ బతికిందని నాకు అప్పుడు అర్థమైంది. చెప్పేస్తుందనుకున్నాను.

పెద్దమ్మ కత్తి తుడుచుకుంది.

"ఇరవై రెండేళ్ళు మీ బల్ల దగ్గరే కూర్చున్నాను మేస్త్రీగారూ. అప్పుడు అడిగుంటే చెప్పేదాన్ని" అని, ఇంకో కొమ్మ అందుకుంది.

ఆయన ఆ ఏడాదే పని మానేశాడు. ఇప్పటికీ అప్పుడప్పుడు నర్సరీకి వస్తాడు, గుమ్మంలో నిలబడి పెద్దమ్మ చెయ్యి వైపే చూస్తూ ఉంటాడు. కానీ ఆ చెయ్యి ఇప్పుడు తిరగదు, చూసి నేర్చుకుందామన్నా అక్కడేమీ లేదు. పోయినసారి నన్ను పక్కకు పిలిచి, "నీకైనా తెలుసా అమ్మా?" అని అడిగాడు.

తెలియదన్నాను.