అడ్డుతెర వెలుగు

‘పెళ్ళి కెమెరా ఆవిడ’ అని ఎవరైనా అంటే ఒకప్పుడు నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు మండదు. ఎందుకు మండదో చెప్పాలంటే మా మావయ్యగారి దగ్గర మొదలుపెట్టాలి.

మాది కొత్తపేట. పలివెల వెళ్ళే రోడ్డు మీద మావయ్యగారి ఫొటో స్టూడియో. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి కెమెరా ఎటు పట్టుకోవాలో కూడా తెలీదు. తర్వాత మా ఆయన ఏసీలు బాగుచేసే పని మీద కువైట్ వెళ్ళారు. మావయ్యగారికి మోకాళ్ళు పట్టేసి పెళ్ళిపందిళ్ళలో గంటల తరబడి నిలబడలేకపోయారు. స్టూడియో మూసేద్దామన్న మాట వచ్చింది. “ఎందుకు మూయడం? నేను లేనా?” అన్నాను. ధైర్యంతో అన్న మాట కాదది, ఉక్రోషంతో అన్నది. నా జీవితంలో మంచి పనులు చాలావరకు ఉక్రోషంతోనే మొదలయ్యాయి.

మావయ్యగారు నాకు పాఠాలు చెప్పింది టీవీ ముందు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏదో పాత నలుపు తెలుపు సినిమా పెట్టి సౌండు పూర్తిగా తగ్గించేసేవారు. “కథ వినకమ్మా, కన్ను చూడు” అనేవారు. మొహాన్ని దగ్గరగా చూపించినప్పుడు నల్లగుడ్డులో చిన్న తెల్ల చుక్క మెరుస్తుంది. అది కంట్లో కనబడే లైటు ప్రతిబింబం. చుక్క ఏ పక్కనుంటే లైటు ఆ పక్కనున్నట్టు. చుక్క చిన్నదైతే లైటు చిన్నది, మొహం మీద వెలుగు గరుగ్గా పడుతుంది. పెద్దదైతే వెలుగు మెత్తబడుతుంది. పాత సినిమాల్లో ఒకటో రెండో చుక్కలుండేవి. కొత్త సినిమాల్లో కిటికీల్లాంటి నలుచదరాలు, గాజుల్లాంటి రింగులు. “కెమెరామేన్ ఎన్ని దాచినా కన్ను దాచదమ్మా. అన్నీ చెప్పేస్తుంది” అనేవారాయన. నేను సరిగ్గా చెప్పిన రోజు తన పళ్ళెంలోని జంతికలు నా పళ్ళెంలో వేసేవారు. మొదట్లో ఆయన జంతికలు ఆయనే తిన్నారు. ఏడాది తిరిగేసరికి ఆయనకి పొడి మిగిలేది.

ఇంకో పాఠం నాకు పెళ్ళిళ్ళు నేర్పాయి. మా వైపు పెళ్ళి వీడియో అంటే పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ అనుకునేరు. వాళ్ళు ఎలాగూ ఉంటారు. వచ్చిన ప్రతి పెద్దమనిషి మొహమూ పడాలి, అదీ అసలు సంగతి. నేను పనిలోకి దిగిన కొత్తల్లో పలివెలలో ఒక పెద్దాయన ఇంట్లో పెద్దమ్మాయి పెళ్ళి తీశాను. తెల్ల పంచె, చంకలో గొడుగు, ఊళ్ళో ఆయన మాటంటే మాటే. వారం తిరక్కుండా సీడీ పట్టుకుని స్టూడియోకి వచ్చారు.

“మా బావగారు పెళ్ళికి వచ్చేరా, రాలేదా అమ్మా?”

“వచ్చేరండి. పందిట్లో ముందు కుర్చీలోనే కూర్చున్నారు కదండీ.”

“మరి సీడీలోకి రాలేదేవమ్మా? ఆయన నన్ను అడుగుతుంటే నేనేం చెప్పను?”

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి ఎవరైనా పెద్దవాళ్ళు పందిట్లో అడుగుపెడితే చాలు, తాళి కడుతున్నా సరే, నా కెమెరా ఓసారి అటు తిరిగి వాళ్ళని పలకరించి వచ్చేది. పోనుపోను నేను తిప్పక్కర్లేకుండా నా భుజమే తిరగడం నేర్చుకుంది.

ఇలా ఉండగా ఒక ఉదయం స్టూడియోకి ఒక కుర్రవయసు డైరెక్టర్ వచ్చారు. చిన్న సినిమా, మొదటి సినిమా, కథంతా మా తోటల్లో, మా కాలవ గట్ల మీద. ఆయన చేతిలో ఫోను, ఫోనులో నేను తీసిన పెళ్ళి వీడియోలోంచి పది సెకన్ల ముక్క. జీలకర్రా బెల్లం పెట్టడానికి ముందు వధూవరుల మధ్య అడ్డుతెర పడతారు కదా. తెరకి ఇవతల పెళ్ళికూతురు తల కొంచెం వంచుకుని కూర్చుంది. అంతే. కానీ ఆ పిల్ల మొహం వెన్నపూసలా ఉంది.

“ఇది తీసింది మీరేనాండీ?” అని మావయ్యగారిని అడిగారు.

“నేను కాదండీ. మా కోడలు” అన్నారు మావయ్యగారు, కాస్త తల ఎత్తి.

డైరెక్టర్ గారు నా వైపు తిరిగి, ఏ లెన్సు వాడానని అడిగారు. మామూలు లెన్సే అన్నాను. నిజంగా నాకూ తెలీదు ఆ మొహానికి ఆ వెలుగు ఎక్కడిదో. నా సినిమాకి కెమెరా మీరు చేస్తారా అని ఆయన పూర్తిగా అడగనేలేదు, “ఆయ్” అనేశాను. ఆ పూట నా కాళ్ళు నేల మీద లేవు. పెళ్ళి కెమెరా ఆవిడ సినిమా కెమెరా ఆవిడ అయిపోయిందని నాలో నేనే చెప్పుకున్నాను.

మొదటిరోజు షూటింగ్ పలివెలలో ఒక మండువా ఇంటి అరుగు మీద. కథానాయిక వేషం వేసిన అమ్మాయి పెద్ద డైలాగు చెబుతోంది. ఎక్కడా తడబడలేదు. కంటి చివర నీటిచుక్క నిలిచింది. సరిగ్గా అప్పుడు వీధి గేటు లోంచి ఆ పెద్దాయన, అదే తెల్ల పంచె, అదే గొడుగు, షూటింగ్ చూద్దామని లోపలికి వచ్చారు.

నా భుజం తిరిగింది.

తిరగడమంటే అలా ఇలా కాదు. ఎక్కడా కుదుపు లేకుండా, మెల్లగా, మర్యాదగా తిరిగి, ఆయన మొహం మీద ఫోకస్ కూడా పెట్టాను. ఆయనేమో కెమెరా చూసి అలవాటు కొద్దీ రెండు చేతులూ జోడించి నిండుగా నవ్వేరు. అక్కడ అమ్మాయి ఏడుస్తోంది, ఇక్కడ పెద్దాయన నమస్కారం పెడుతున్నారు. యూనిట్ అంతా పొట్టలు పట్టుకున్నారు. డైరెక్టర్ గారు మాత్రం నవ్వలేదు. “ఇది పెళ్ళి కాదు మేడమ్” అన్నారు నెమ్మదిగా. ఆ అమ్మాయికి మళ్ళీ ఆ ఏడుపు రాలేదు.

సాయంత్రం సామాను సర్దుతుంటే ఆయన నన్ను పక్కకి పిలిచారు. “ఎల్లుండి హైదరాబాద్ నుంచి కెమెరామేన్ వస్తున్నారండీ. రేపు మధ్యాహ్నం తోటలో సీను మాత్రం మీరు తియ్యండి. ఆ అమ్మాయి రేపు సాయంత్రం వెళ్ళిపోవాలి, ఇంకో దారి లేదు. అది చాలా బాగా వస్తే అప్పుడు ఆలోచిద్దాం.” అంటే నాకు మిగిలింది ఒక్క సీను.

ఆ సీను చూస్తే గుండె జారిపోయేలా ఉంది. భర్త ఇక తిరిగి రాడని కబురు తెలిసిన ఆడమనిషి కొబ్బరితోటలో నిలబడుతుంది. నిమిషం పాటు మాట ఉండదు. మొహం ఒక్కటే. అదీ మిట్టమధ్యాహ్నం. కొబ్బరితోట మా కళ్ళకి చల్లగా ఉంటుంది గానీ కెమెరాకి అది నరకం. ఆకుల సందుల్లోంచి ఎండ ముక్కలుముక్కలుగా పడుతుంది. గాలికి ఆకు ఊగినప్పుడల్లా ముక్కు మీది ఎండ చెంప మీదికి, చెంప మీది ఎండ నుదుటి మీదికి పోతుంది. పైగా కింద గడ్డి పచ్చదనం మొహానికి కొట్టి గెడ్డం కింద పసరు పూసినట్టు కనిపిస్తుంది. ఈ సంగతి చెబితే డైరెక్టర్ గారు తర్వాత కంప్యూటర్‌లో రంగులు సరిచేయిద్దామన్నారు. నా నోరు ఊరుకోలేదు. “ఎండకి తెల్లగా కాలిపోయిన చోట ఏం సరిచేస్తారండీ? అన్నం మాడిపోయాక ఉప్పు చూస్తారా?” అనేసి, ఎల్లుండి పోయే ఉద్యోగం ఇవాళే పోతుందేమో అని నాలిక కరుచుకున్నాను.

దీపాలు పెట్టే వేళకి ఇంటికొచ్చాను. మావయ్యగారికి అంతా చెప్పి ఏడ్చేశాను. ఆయన ఓదార్చలేదు. ఓదార్చడం ఆయన వల్ల కాదు. “ఆయన నీ దగ్గరికి ఏం చూసి వచ్చేరు? ఆ పెళ్ళి ముక్క చూసి. అది తియ్యి. పెద్ద తెర మీద పెట్టు” అన్నారు. పెట్టాను. పెళ్ళికూతురి కన్ను తెరంతా నిండేదాకా పెద్దది చేయమన్నారు.

“చుక్క ఏదమ్మా?”

వెతికాను. చుక్క లేదు. నల్లగుడ్డులో సగం మేర ఒకటే తెల్లదనం, దుప్పటి ఆరేసినట్టు.

“ఎంత లైటు అది?”

“పంచె అంతుందండి” అన్నాను. అని ఆగిపోయాను. అది పంచే. అడ్డుతెర. ఆవేళ పొద్దుటి ఎండ పెళ్ళికొడుకు వెనక నుంచి వచ్చి ఆ నూలు గుడ్డ మీద పడింది. ఎండని గుడ్డ పీల్చుకుని, పరుచుకుని, పిల్ల మొహం మీదికి మెత్తగా వదిలింది. ఇన్నేళ్ళుగా కొన్ని వందల పెళ్ళిళ్ళలో ఆ తెర నా కళ్ళ ముందే ఉంది. అది దిగిపోతే తలంబ్రాలు తీద్దామని ఎదురుచూస్తూ నిలబడ్డానే గానీ దాన్ని ఏనాడూ చూడలేదు. మావయ్యగారు జంతికల పళ్ళెం నా వైపు జరిపారు.

మర్నాడు పొద్దున్నే నా పెట్టెలోంచి నా పెళ్ళినాటి అడ్డుతెర తీశాను. అంచులకి పసుపు, అలాగే ఉంది. నిలబడ్డ మనిషికి అది ఒక్కటీ చాలదు. మా వీధిలో ఇల్లిల్లూ తిరిగి అడిగాను. పెళ్ళిపట్టుచీర మడతల్లో దాచుకున్న తెరలు ఇంకో మూడు దొరికాయి. పక్కింటి వదినగారు మిషను మీద వాటిని వరసగా కలిపి కుట్టేశారు. తోటకి చేరేసరికి పలివెల పెద్దాయన గొడుగుతో నిలబడి ఉన్నారు. చంకలో ఒక పొట్లం.

“నిన్న నా వల్ల నీకు మాట వచ్చిందట కదమ్మా.”

“మీ వల్ల కాదండీ, నా భుజం వల్ల.”

“అలాక్కాదు గానీ, తెరలు అడుగుతున్నావని తెల్సింది. ఇది మా పెద్దమ్మాయి పెళ్ళిది. దీన్నీ కలుపు. ఓ కొస నేను పట్టుకుంటాను.”

మీరెందుకండీ ఎండలో అంటే వినలేదు. ఐదో తెరని అక్కడే సూదీదారంతో కలిపాం. రెండు వెదురు గెడలకి కట్టి, ఎండకీ అమ్మాయికీ మధ్య ఏటవాలుగా ఎత్తాం. ఒక గెడ మా లైట్ల ఆయన, రెండోది పెద్దాయన. గడ్డి పచ్చదనం చావడానికి కింద చాపలు పరిపించాను. అమ్మాయి వచ్చి నిలబడింది. నేను కెమెరాలో చూశాను. ఆ మొహం మీద ఎండ ముక్క ఒక్కటి లేదు. వెలుగు మెత్తగా వాలి ఉంది, అంచుల్లోని పసుపు కూడా లీలగా కలిసింది. డైరెక్టర్ గారు నా పక్కనే మానిటర్ మీదికి వంగారు.

టేక్ మొదలైంది. అమ్మాయి కళ్ళల్లోకి కబురు మెల్లగా దిగుతోంది. మెల్లగా దగ్గరికి వెళుతున్నాను. అంతలో నా కుడిపక్కన తోట గేటు కిర్రుమంది. కనుకొసల్లోంచి చూశాను. ఎవరనుకున్నారు? పెద్దాయన బావగారు! సీడీలో పడని ఆ బావగారే, జరీ కండువాతో, నెమ్మదిగా నడిచి వస్తున్నారు.

నా భుజం జివ్వుమని లాగింది. పళ్ళు బిగించాను. ఆయన్ని పలకరించకపోతే ఊరు ఏమనుకుంటుందో అన్న భయం ఒక పక్క, ఆ అమ్మాయి రెప్పల కింద నిండుతున్న నీరు ఒక పక్క. భుజం కదల్లేదు. గాలి విసురుగా వచ్చి తెర ఉబ్బింది. పెద్దాయన చేతిలో గెడ ఊగింది. కండువా నడుముకి చుట్టేసి బావగారు పరిగెత్తినట్టు వెళ్ళి అదే గెడ పట్టుకున్నారు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. వెలుగు చెదరలేదు. కన్నీరు జారింది. చాలాసేపు ‘కట్’ వినిపించలేదు. డైరెక్టర్ గారికి చెప్పడం గుర్తు రాలేదట.

ఆ షాట్ ఆయన మూడుసార్లు వెనక్కి తిప్పి చూసుకున్నారు. తర్వాత నా ఎదురుగానే హైదరాబాద్‌కి ఫోను చేసి, “రానక్కర్లేదండీ. మా కెమెరామేన్ ఉన్నారు. ఆవిడే చేస్తారు” అన్నారు. అంత సంతోషం నేను పుట్టాక ఎరగను. గట్టిగా అరవాలనిపించి, అరిచాను కూడా.

సినిమా అమలాపురంలో ఆడినప్పుడు మ్యాట్నీకి మావయ్యగారిని తీసుకెళ్ళాను. పలివెల వాళ్ళు అప్పటికే రెండు వరసలు ఆక్రమించారు. ‘ఛాయాగ్రహణం’ అని నా పేరు పడితే ఈలలు వేశారు. మావయ్యగారు చప్పట్లు కొట్టలేదు, కళ్ళజోడు తుడుచుకున్నారు. తోట సీను వచ్చింది. మొహం దగ్గరవుతూ దగ్గరవుతూ కన్ను మా ఇంటి గుమ్మం అంత అయ్యింది. మావయ్యగారు నా మణికట్టు పట్టుకున్నారు.

“చుక్క కాదమ్మా, తెరే ఉంది” అన్నారు. వెంటనే, “ఆ అంచున నల్లగా ఏవిటది?” అన్నారు.

చిన్న మానిటర్‌లో నాకు కనబడనిది ఇక్కడ స్పష్టంగా ఉంది. ఆ నల్లగుడ్డులో తెల్లటి తెర, తెర అంచున గెడ, గెడని పట్టుకుని ఇద్దరు మనుషులు. ఒకరికి పంచె, ఒకరికి నడుముకి చుట్టిన కండువా.

ముందు వరసలోంచి పెద్దాయన లేచి నిలబడ్డారు. “బావా! మనవే! పడ్డావు బావా, ఇన్నాళ్ళకి పడ్డావు!” అని కేకేశారు. ఏడుపు సీనులో హాలు హాలంతా చప్పట్లు. నా సీను పాడైపోతోందని నాకు కోపం రావాలి. రాలేదు. నేనే అందరికంటే గట్టిగా కొట్టాను.

బయటికి వస్తుంటే మెట్ల దగ్గర ఎవరో నన్ను చూపించి, “సినిమా కెమెరా ఆవిడ ఈవిడేనండీ” అంటున్నారు. పెద్దాయన బావగారు ఆగి, వాళ్ళ మాట సరిచేశారు.

“కాదండీ. మా పెళ్ళి కెమెరా ఆవిడ.”

“ఆయ్” అన్నాను నేను.