ఒక్కరినా, ఒక్కదాన్నా?

2019 జనవరి, పంచాయతీ ఎన్నికల రోజులు. నేను సూర్యాపేట జిల్లాలో డిప్యూటీ తహసీల్దారును. ఎన్నికల కోడ్ ఉల్లంఘించారని ఫిర్యాదు వస్తే విచారించి, సాయంత్రంలోగా రిపోర్టు పంపాలి. ఆ రోజుల్లో మాకు టీ కంటే ఫిర్యాదులే ఎక్కువ అందేవి.

పెన్‌పహాడ్ వైపు ఒక ఊళ్ళో లింగమ్మ సర్పంచ్‌గా నిలబడింది. గొర్రెలు కాసే కుటుంబం. ఆమె ఓటర్లకు మద్యం తాగిస్తోందని ఆమె ఫోన్లో మాట్లాడుతుంటే ఎవరో చాటుగా రికార్డు చేసిన ఆడియో క్లిప్ ఒకటి ప్రత్యర్థి మనిషి యాదగిరి తెచ్చాడు. గొంతు తనదేనని ఆమె కూడా ఒప్పుకుంది. ఇంకేముంది, పని అయిపోయిందనుకున్నాను.

ట్రాన్స్‌క్రిప్ట్, అంటే విన్న మాటలను కాగితం మీద పెట్టడం, నేనే రాశాను: ‘రేపు ఉదయం మందు తాగించాలి. ఒక్కరినీ వదలకూడదు.’ చదివి వినిపించి సంతకం పెట్టమన్నాను. పెడితే ఆమె మీద పోలీసు కేసు, ఊళ్ళో పరువు ఖతం.

“నేను గిట్ల అనలే సారూ.”

“గొంతు మీదేనన్నారు కదమ్మా?”

“గొంతు నాదే. మాట నాది కాదు. ‘ఒక్కదాన్ని గూడ ఇడువొద్దు’ అన్న. గొర్లకు నట్టల మందు తాపమని మా ఆయనకు ఫోన్ల చెప్పిన. మనుషులనైతే ఒక్కలను అంట గద!”

నట్టల మందంటే గొర్రెల కడుపులో పురుగులు పోవడానికి తాగించేది. క్లిప్ మళ్ళీ విన్నాను. నిజమే, ‘ఒక్కదాన్ని’. నాది ఆంధ్ర సరిహద్దున ఉన్న కోదాడ, మాది శుద్ధమైన తెలుగని చిన్నప్పటి నుంచీ ఒక గర్వం. ఆమె మాటను దిద్దానని కూడా నాకు తెలియలేదు.

యాదగిరి తగ్గలేదు. “ఆడోళ్లను గూడ ‘అది’ అంటం సారు, మా దిక్కు మామూలే.”

అదీ అబద్ధం కాదు. ఇద్దరినీ వెంటబెట్టుకుని గొర్రెల దొడ్డికి వెళ్ళాను. ప్రతి గొర్రె నెత్తినా జాజుతో, అంటే ఎర్రమట్టితో, పెట్టిన గుర్తు. మందు తాపినదానికే మళ్ళీ తాపకుండా పెడతారట.

“నిన్న పూసి ఉంటరు,” అన్నాడు యాదగిరి.

పశువుల దవాఖాన రిజిస్టర్ తీయించాను. మద్యం తాగించిందని ఫిర్యాదులో చెప్పిన రోజుకు ముందురోజే ఆమె భర్త నట్టల మందు తీసుకున్నట్టు సంతకం ఉంది.

‘ఈ క్లిప్‌తో ఆరోపణ రుజువు కాలేదు’ అని రాశాను. ఆమె ఎవరికీ మద్యం పోయలేదని మాత్రం రాయలేదు, అది నాకు తెలియదు. తప్పు రాసిన ట్రాన్స్‌క్రిప్ట్‌ను కూడా రిపోర్టుకు జతచేశాను. కేసు ఆగిపోయింది.

ఈసారి తన మాట ఉన్నది ఉన్నట్టుగా రాసిన కాగితం మీద లింగమ్మ మెల్లగా సంతకం పెట్టి, పెన్ను నా చేతికిచ్చింది.

“యాదగిరి నాకు పగోడు సారూ. ఆడు గూడ నా మాట మార్చలే. మార్చింది నువ్వే.”

ఆ తర్వాత ఎవరి వాంగ్మూలాన్నీ నేను దిద్దలేదు. ‘ఇడువొద్దు’ అంటే ‘ఇడువొద్దు’ అనే రాస్తాను.