పిన్నికి వేడి చేసిన రోజులు

ఆ కాలంలో మా ఇంట్లో ఏ బాధకైనా కారణం ఒక్కటే: వేడి చేసింది. మొటిమ లేచినా వేడే, పరీక్ష తప్పినా (మరీ చదవడం వల్ల) వేడే. క్యాంపస్ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న నేనూ అదే నమ్మేదాన్ని. నెల మధ్యలో తెల్లబట్ట అయినప్పుడల్లా గోల్నాకలో పిన్ని ఇంటికి వెళ్లి సబ్జా నీళ్లు తాగేదాన్ని. పిన్నికీ అదే బాధ. "మన ఇంటి ఆడోళ్లకు ఒంట్ల వేడెక్కువ బిడ్డా. గందుకే నాకు పిల్లలు కాలే" అని కళ్లు తుడుచుకునేది. ఆ రోజుల్లో ఒళ్లు చల్లబడేదాకా బాబాయిని దగ్గరికి రానిచ్చేది కాదు. పాపం, ఆయన చాప చంకన పెట్టుకుని నెలనెలా హాల్లోకి వలసపోయేవాడు.

నాకూ పిల్లలు పుట్టరేమోనని భయపడి చివరికి తార్నాకలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. "దురద, వాసన, మంట ఉన్నయా?" అని అడిగింది. లేవన్నాను. "గుడ్డు తెల్లసొన లెక్క జారుడుగ, సాగుతదా?" సాగుతుందన్నాను, నేల చూపులు చూస్తూ. "అయితే రోగం కాదమ్మా. అండం విడుదలయ్యే టైమ్‌ల అట్లనే అయితది. గర్భం వచ్చేది కూడా ఆ రోజుల్లనే."

(నేను చదివేది జువాలజీ అని చెప్పలేదు కదూ. కప్ప గుడ్ల మీద పేజీలకు పేజీలు రాసిన మనిషిని.) నా భయం పోయింది గానీ, చాపతో బాబాయి కళ్ల ముందు నిలిచాడు. ఏమైనా సరే పిన్నికి చెప్పి తీరాలనుకుని అటునుంచి అటే గోల్నాక బస్సెక్కాను.

బాబాయి టీవీ ముందు నుంచి కదలడే. సౌండు పెంచి, పిన్నిని వంటింట్లోకి లాక్కుపోయి మొత్తం చెప్పేశాను. పిన్ని ముఖం ఎర్రబడింది. "పెండ్లి కాని పిల్లవు, నీకెందుకే గివన్ని?"

"ఇగ బాబాయిని హాల్ల పండుకోనియ్యకు" అన్నాను మొండిగా.

సౌండు ఎప్పుడు తగ్గించాడో గానీ, హాల్లోంచి బాబాయి గొంతు వినిపించింది. "డాక్టరమ్మ చదువుకున్నది గదా. ఆమె చెప్తే వినాలె."

కొన్నాళ్లకు పిన్నికి కూతురు పుట్టింది. మొక్కు ఫలించిందని పిన్ని ఊరంతా చెప్పుకుంది. నా పేరు ఎక్కడా రాలేదు. చాలాకాలం ఉడుక్కున్నాను కూడా.

ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్. మొన్న నా దగ్గరికి వచ్చి, "అక్కా, నెల మధ్యల గిట్ల అయితున్నది, ఏమన్న రోగమా?" అంది. ఇన్నేళ్లుగా కాలేజీలో జువాలజీ పాఠాలు చెబుతున్న నేను లేచి తలుపు వేసి, గొంతు తగ్గించి, "అమ్మనడగలేదా?" అన్నాను.

"అడిగిన. 'గా సంగతి అక్కనే మంచిగ చెప్తది, నాకూ ఆమెనే చెప్పింది' అన్నది అమ్మ."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వంటింట్లో పిన్నిని నిలదీసిన ఆ మొండిపిల్లను తలుచుకుని, లేచి తలుపు తీసేశాను.