పిడికిలి పట్టేంత వదులు

వీధి మలుపులో ఉన్న ఆ దర్జీకి ఊరి నడుములన్నీ కంఠతా వచ్చు. మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, టేపు తీయకుండానే కొలత చెప్పేసేవాడు. ఒకసారి ఎదురుగా పోతున్న మనిషి నీడ చూసి కోటు కుట్టి పెట్టాడనీ, ఆ మనిషి వచ్చి తొడుక్కుంటే అచ్చు గుద్దినట్టు సరిపోయిందనీ చెప్పుకునేవారు. అది మిట్టమధ్యాహ్నపు నీడ కావడంతో కోటు కాస్త పొట్టిదైందని గిట్టనివాళ్ళు అంటారు.

తన నడుము దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన విద్య పారేది కాదు. "ఉతికితే ప్యాంటు ముడుచుకుపోయింది" అనేవాడు. పక్కనే కూర్చుని కాజాలు కుట్టే భార్య తలెత్తకుండానే, "అవును పాపం, మీ నడుము దగ్గర గుడ్డకి సిగ్గెక్కువ" అనేది.

ముందుగది కొట్టు, వెనకగది కాపురం, మధ్యన ఒక తెర. కత్తిరింపూ మిషనూ ఆయనవి, కాజాలూ గుండీలూ అంచులూ ఆవిడవి. తెరకి అవతల పొయ్యి దగ్గర జరిగే ప్రయోగాలు కూడా ఆవిడవే. ఒళ్ళు తగ్గి పాత బట్టలు బిగింపించుకోవడానికి ఎవరొచ్చినా, ఆవిడ గుండుసూదులు పట్టుకుని వాళ్ళ చుట్టూ తిరుగుతూ కూపీ లాగేది. "ఏం తిన్నారో చెప్పందే సూది కదలదు" అనేది. సూదులు చేతిలో ఉన్న మనిషితో ఎవరు వాదిస్తారు? వాళ్ళు చెప్పిందల్లా మర్నాటి నుంచి దర్జీ కంచంలో కనబడేది. అలా ఉప్పులేని కూరలు వచ్చాయి. ఉడికించిన క్యాబేజీ వచ్చి, పోనంటే పోనని కూర్చుంది. పచ్చి క్యారెట్ల కాలంలో అయితే కొట్టుకొచ్చినవాళ్ళు, "ఆ చప్పుడు మిషనుదా, మీ పళ్ళదా?" అని అడిగేవారు. ఒక పంతులమ్మ చెప్పిందని సొరకాయ రసం నోరు చేదెక్కేదాకా తాగాక తెలిసింది, ఆ పంతులమ్మ చిక్కింది రసంతో కాదు, కామెర్లతో అని.

"నన్ను చంపేసేదానివి కదే!" అన్నాడు దర్జీ.

"మీకు కామెర్లు రాలేదుగా, సంతోషించండి."

ఒక్కమాట మాత్రం చెప్పుకోవాలి. ఆయన కంచంలో ఏముంటే ఆవిడ కంచంలోనూ అదే ఉండేది.

షికార్లకీ ఆ ఇంట్లో ఒక లెక్కుంది. ఎండలు ముదిరితే నదిలో పడవ. వానల్లో వంతెన మీద నిలబడి ఎర్రనీళ్ళు చూడటం. చలిగాలి తిరిగిందంటే ఊరి వెనక కొండ. పెళ్ళైన ఏడాది నుంచీ కొండ తప్పలేదు, కొస దాకా ఎక్కకుండా దిగిందీ లేదు. నిరుడు మాత్రం సగం దారిలో దర్జీ ఆయాసంతో చతికిలబడ్డాడు. పై నుంచి ఊరు చూడటమంటే ఆవిడకి ప్రాణం. అయినా ఒక్కతే వెళ్ళలేదు. కొండ కొసకి వీపు పెట్టి ఆయన పక్కనే కూర్చుంది. దిగాక అంది: "ఈ నడుముతో ఇంక వద్దులెండి. వచ్చే ఏడు కాస్త తగ్గితే వెళ్దాం. లేకపోతే కొండ మాటే మరిచిపోదాం."

తిట్టి ఉంటే దర్జీ పట్టించుకునేవాడు కాదు. మెల్లగా అంది, అదీ చిక్కు.

పరీక్షకి ఒక గోధుమరంగు ప్యాంటు పెట్టుకున్నారు. ఆదివారం ఆదివారం ఆయన అది తొడుక్కోవాలి, ఆవిడ నడుము పట్టీలోకి పిడికిలి దూర్చాలి. పిడికిలి పట్టిన రోజున కొండకి ప్రయాణం. వానాకాలం సగం గడిచినా వేలు కూడా పట్టలేదు. పట్టకపోవడానికి కారణం వెనకవీధి బేకరీలో ఉంది. ఏ పూటకాపూట పొయ్యిలోంచి దిగే వేడి బన్ను, మధ్యలో వెన్న. దర్జీ పిండి బస్తాల చాటున నిలబడి తినేవాడు.

"మాస్టారూ, మీ ఆవిడ చూసిందంటే నా పొయ్యి ఆర్పేస్తుంది" అనేవాడు బేకరీ అతను.

"ముందు నన్ను ఆర్పుతుంది. నీ వంతు తర్వాత. ఇంకొంచెం వెన్న రాయి."

బన్ను మానలేడు, కొండ వదులుకోలేడు. అందుకని ఒకరోజు భార్య గుండీలు కొనడానికి బజారుకి వెళ్ళగానే, గోధుమరంగు ప్యాంటు తీసి వెనక కుట్టు విప్పాడు. లోపల మడిచి ఉంచిన గుడ్డ రవ్వంత వదిలి మళ్ళీ కుట్టేశాడు. ఆ ఆదివారం రెండు వేళ్ళు పట్టాల్సిన చోట నాలుగు పట్టాయి. దర్జీ నివ్వెరపోయాడు. తను వదిలింది రవ్వంతే. మిగతా వదులు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆలోచించి ఆలోచించి, బన్ను తింటే ఒళ్ళు తగ్గుతుందని తేల్చుకున్నాడు. మర్నాటి నుంచి రెండేసి తిన్నాడు, ఇంకోసారి కుట్టు విప్పాడు. చలిగాలి మొదలైన ఆదివారం ఆవిడ పిడికిలి మణికట్టు దాకా దూరిపోయింది. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి దర్జీకి పొద్దుటి బన్ను గొంతులో అడ్డం పడ్డట్టయింది.

కొండకి ఆ ప్యాంటే వేసుకోమంది. దానికి బెల్టు పెట్టే వీలు లేదు. బెల్టు కట్టుకున్న దర్జీ అబద్ధమాడే జ్యోతిష్కుడితో సమానమని ఆయన సిద్ధాంతం, తన ప్యాంట్లకి బెల్టు పట్టీలే కుట్టుకోడు. కొండ కింద కలిసిన, సైకిళ్ళ షాపు నడిపే బావమరిది ఎగాదిగా చూశాడు.

"బావా, ఆ ప్యాంటులో ఇంకొకరికి చోటున్నట్టుందే. నన్నూ ఎక్కించుకుంటారా?"

"నువ్వు ముందు నడువు. నీ మొహం చూస్తే నాకు ఆయాసం."

అతను నవ్వుతూ చకచకా ఎక్కిపోయాడు. దర్జీ ఒక చేయి జేబులో పెట్టి, ప్యాంటు లోపల్నుంచి పట్టుకుని దర్జాగా నడిచాడు. సగం దారిలో కాలు జారింది. జేబులోంచి చేయి వచ్చేసింది, ప్యాంటూ దాని దారి అది చూసుకుంది. ఒక్క గంతులో బండ చాటుకి పోయాడు. పిన్నీసు దొరుకుతుందేమోనని నడుము పట్టీ తిరగేస్తే, రెండు పక్కలా కొత్త కుట్లు కనబడ్డాయి. సన్నటి కుట్లు, చివర ఆవగింజల్లాంటి ముళ్ళు.

"ఇలా రా" అన్నాడు.

"ఏమైంది, ఆయాసమా?" అంటూ వచ్చింది భార్య.

"పక్క కుట్లు ఎవరు వదులు చేశారు?"

ఆవిడ ఆకాశం వైపు చూసింది. "ఎలకలేమో."

"ఎలకలు విప్పి, కుట్టి, నీలాగే ముళ్ళు కూడా వేశాయా?"

ఆవిడ బండకి ఆనుకుంది. "ఆదివారం వచ్చేసరికి మీరు నా పిడికిలి వైపు చూసే చూపు చూడలేకపోయానండీ. అంత క్యాబేజీ తిన్నా తగ్గకపోతే విసిగి మానేస్తారేమో అనిపించింది. కాస్త వదులైతే హుషారొస్తుంది కదా అనుకున్నా."

"హుషారొచ్చింది. అందుకే బన్ను ఒకటి కాస్తా రెండయ్యాయి."

"ఏం బన్ను?"

దర్జీ నోరు మూసుకున్నాడు గానీ మాట అప్పటికే బయటపడింది. ఆవిడ పట్టీ లాక్కుని వెనక వైపు తిరగేసింది. "ఇది నా చేతి కుట్టు కాదే!" అంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఆవిడకే నవ్వొచ్చింది, బండ పట్టుకుని వంగిపోయి నవ్వింది. నవ్వు ఆగాక మొహం మెల్లగా చిన్నబోయింది.

"అంటే నిరుటికీ ఇప్పటికీ ఏమీ తగ్గలేదన్నమాట" అంది. "పదండి, దిగుదాం."

దర్జీ పైకి చూశాడు. కొస అక్కడే ఉంది, నిరుడు ఉన్నంత దూరంలోనే.

"నిరుడు నీ తమ్ముడితో పందెం కట్టి పరిగెత్తాను, అందుకే చతికిలబడ్డాను. ఇవాళ పందెం లేదు. నాలుగడుగులకోసారి ఆగుతాను, నువ్వు విసుక్కోకూడదు."

"మరి ప్యాంటో?"

"వెనక నుంచి పట్టుకో. వదులు చేసిన చేతులే కదా!"

అలాగే ఎక్కారు. ఆయన ముందు, ఆయన నడుము పట్టీ గుప్పిట్లో పట్టుకుని ఆవిడ వెనక. ఆగిన ప్రతిచోటా ఆయన ఏదో ఒక రాయిని మెచ్చుకునేవాడు, ఆవిడ నిజమేనని తల ఊపేది. దారిలో దిగివస్తున్న తమ్ముడు నిలబడిపోయాడు.

"అక్కా, బావని అరెస్టు చేశావేంటి?"

"బన్ను దొంగ రా. పారిపోకుండా పట్టుకున్నా."

పైకి చేరేసరికి కొండకి వచ్చినవాళ్ళందరూ దిగిపోయారు, గాలి మాత్రం మిగిలింది. దర్జీ చెమటతో తడిసి ముద్దయ్యాడు, కానీ కాళ్ళ మీదే నిలబడి ఉన్నాడు. ఆవిడ కొండ అంచుకి వెళ్ళి, కళ్ళకి చేయి అడ్డం పెట్టుకుని, ఊరిని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. పట్టీ వదల్లేదు కాబట్టి ఆయనా వెనకే వెళ్ళాడు.

"ఆ బన్ను బాగుంటుందా?" అంది చూపు తిప్పకుండానే.

"వేడిగా ఉన్నప్పుడు బాగుంటుంది."

"రేపు ఒకటే తెండి. చెరిసగం."

"మిగతా కడుపుకో?"

"క్యాబేజీ. అదిగో, మన ఇల్లు! డాబా మీద నేనారేసిన దిండు గలీబు కనబడుతోంది."

"అది మనది కాదు, పక్కింటిది."

"మనదే. నా గలీబు నాకు తెలీదా?"

దర్జీ కళ్ళు చికిలించి చూశాడు. "అవును, మనదే. ఇక్కణ్ణుంచి చూసినా అంచు వంకర తెలుస్తోంది."

ఆవిడ గుప్పిటలోని పట్టీ వదిలేసింది.