రంగుల్లేని దేశంతో మా తాత తగాదా

మా తాత వీరయ్య పుస్తకం చదవడు, పుస్తకంతో తగాదా పడతాడు. గద్వాలలో మా ఇంటి ముందు నుంచి వెళ్లేవాళ్లు లోపల ఎవరో ఇద్దరు కొట్టుకుంటున్నారనుకుని ఆగిపోతారు. తొంగిచూస్తే మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంతలో తాత ఒక్కడే కూర్చుని ఉంటాడు, తొడమీద నవల ఉంటుంది.

అది పేరున్న పాత నవలే. అందులో ఒక దేశం, అక్కడ రంగులు నిషేధం. అందరికీ బూడిదరంగు బట్టలే. ఎర్రదారం పోగు దొరికితే జైలు. చదివినవాళ్లందరూ వణికిపోయారని అట్టమీద రాసి ఉంది. మా తాత కూడా వణికాడు, కోపంతో.

"ఏందిరా నితినూ, గీ రాసినాయన! దేశమంతా ఒక్కటే రంగు బట్టంటడు. మరి నేసెటోడు ఎవడు? ఎన్ని మగ్గాలు? ఒక్క ముచ్చట రాయలే!"

"తాతా, అది ప్రభుత్వం గురించిన కథ."

"ప్రభుత్వం బట్టలు కట్టదా?"

నేను ఇంటర్ మధ్యలో వదిలేసినవాణ్ని. ఇలాంటి ప్రశ్నలకు జవాబు ఉండే చదువు దాకా పోలేదు.

రెండోసారి చదివినప్పుడు తగాదా నవలలోని రంగుల అధికారితో. "బూడిదరంగు నిలవదు, నాలుగు ఉతుకులకు తెల్లగయితది. అప్పుడు ఎవర్ని జైల్ల ఏస్తవ్ బే?" అని నిలదీశాడు. అధికారి నోరెత్తలేదు. తాత మీసం తిప్పాడు.

మా అవ్వ సుగుణమ్మ మాత్రం మొదటినుంచీ ఆ దేశం పక్షమే. "మంచిగనే ఉన్నది గద. పెండ్లికి ఏ చీర కట్టాల్నని పరేషాన్ ఉండదు."

"నీలాంటోళ్లు ఉండబట్టే ఆ సర్కారు పడిపోతలేదు," అని తాత ఆ పూట అలిగి అన్నం తిన్నాడు. మానలేదు, అలిగి తిన్నాడు.

మూడోసారి పైకి చదవడం మొదలుపెట్టాడు. పక్కింటి అర్చన రాట్నంమీద దారం కండెలు చుట్టడానికి వచ్చి వినేది. సర్కారు టీచరు పరీక్షకు చదువుతున్న పిల్ల. నవలలో ఎర్రదారం దాచుకున్న అమ్మాయికి కష్టం వస్తే అర్చన రాట్నం ఆగిపోయేది.

ఆఖరి అధ్యాయం చదవాల్సిన రోజే అర్చన ఫలితం వచ్చింది. రెండోసారి కూడా పోయింది.

"ఇగ రాయను తాతా. పుస్తకాలన్ని సంచిల కట్టి మా అరుగుమీద పెట్టిన. పాతసామాన్లోడు వస్తే ఇచ్చేస్త." ఆమె కళ్లలో నీళ్లు లేవు. నాకు అదే భయమేసింది.

తాత కళ్లద్దాలు పెట్టుకుని నవల తెరిచాడు. ఆ అధ్యాయం నేను ముందే చదివేశాను. నవలలో ఆ పిల్ల ఎర్రదారాన్ని తన చేత్తోనే పొయ్యిలో వేసి, బూడిదరంగే బాగుందంటుంది. అంతే, కథ సమాప్తం.

తాత గొంతు సవరించుకున్నాడు. "అప్పుడు ఆ పిల్ల జైలు గోడ దుంకి, పెబ్బేరు సంతకు పోయే బస్సు ఎక్కింది."

"మన పెబ్బేరా?" అన్నాను.

"నడుమ మాట్లాడకు. సంత నిండ ఎడ్లు. అధికార్లు ఎంబడి వచ్చిర్రు. చూస్తే కొమ్ములకన్ని రంగులే! ఎర్ర, పచ్చ, నీలం. ఏ ఎద్దును జైల్ల ఏస్తరు? ఒకడు పోయి కోడె తోక పట్టిండు..."

"తన్నిందా?" అంది అవ్వ.

"తన్నక ముద్దు వెడ్తదా? బూడిదకుప్పల పడ్డడు. గా రంగే గద వానికిష్టం!"

అర్చన ఆపుకోలేక ముక్కుతో నవ్వింది. నేను పేజీలోకి తొంగిచూశాను. "తాతా, ఇక్కడ ఎద్దే లేదు!"

"నీకు కాలేజీల సగం అక్షరాలే చెప్పిర్రు. మిగిలిన సగంల ఉన్నది ఎద్దు."

"మరి ఆ పిల్ల ఏమైంది తాతా?" అని అడిగింది అర్చన.

తాత పేజీ తిప్పబోయాడు. పేజీలు అయిపోయాయి. వెనక అట్టనే చదివాడు. "సంతల మల్లొక దారం కొన్నది బిడ్డా. రెండుసార్లు గుంజుకున్నరు గద, ఈసారి ఇంకింత పొడుగుది కొన్నది."

అర్చన చేతిలోని కండె చుట్టడం పూర్తిచేసి లేచింది.

అర్చన వెళ్తుంటే గుమ్మం దాకా వెళ్లాను. "అక్కా, అసలు కథ గట్ల లేదు..."

"తెల్సురా. డిగ్రీల మాకు గా నవలే పాఠం. ముగింపు మీద పది మార్కుల ప్రశ్న కూడా వచ్చింది."

"మరి తాతకు చెప్పలేదేంది?"

"చెప్తే ఎడ్లు వస్తుండెనా?" అంది. సందు చివర పాతసామాన్లవాడి కేక వినబడింది. అర్చన చెప్పులు కూడా వేసుకోకుండా అరుగుమీది సంచిని లోపలికి లాక్కోడానికి పరుగెత్తింది.