పంక్తి చివర కూర్చున్న అతిథి

డెబ్బైల చివర్లో నేను ఎమ్మిగనూరు ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెప్పేవాడిని. ఊరికి విదేశీయులెవరైనా వస్తే మాట్లాడడానికి నన్ను పిలిచేవారు. అలా వచ్చేవారు అరుదు. మంత్రాలయం చూసి, ఆ దారిలోనే మా మగ్గాలను కూడా చూద్దామని వచ్చిన జర్మన్ యాత్రికుడొకాయన మా ఊళ్లో ఒక రాత్రి బస చేశాడు. తన దేశంలో లెక్కల ఉపాధ్యాయుడు. కాశ్మీరం నుంచి కన్యాకుమారి దాకా రైళ్లలో, బస్సుల్లో తిరిగి, ఇక స్వదేశానికి బయలుదేరాడు. మర్నాటి సాయంత్రం ఆదోనిలో బొంబాయి మెయిలు ఎక్కాలి. ఆ బండి తప్పితే విమానం తప్పుతుంది. దేశంలో ఉండడానికి ఆయనకిచ్చిన గడువూ దాటిపోతుంది.

మగ్గాల మధ్య నడుస్తూ ఆయన తన ప్రయాణం గురించి చెప్పాడు. కోటలూ, కొండలూ కాదు, భోజనాల దగ్గర తాను చేసిన పొరపాట్లే ఎక్కువగా చెప్పాడు. ఒకచోట తిన్నాక ఆకును తన వైపు మడిస్తే మెచ్చుకున్నారు. మరోచోట అలాగే మడిస్తే ముఖాలు చిట్లించారు. తంజావూరు ప్రాంతంలో ఒక పెళ్లిలో, బస్సు వేళయిందని పంక్తి మధ్యలో లేచాడట. పక్కనున్న వృద్ధుడు పంక్తి చెడిందని చేతిలోని ముద్దను ఆకులో వదిలేసి, ఆ పూట మరి తినలేదట. ఆ ముఖం తనకింకా కనిపిస్తూనే ఉందనీ, మళ్లీ అటువంటి పని చేయననీ అన్నాడు.

మర్నాడు ఆయనను మా ఇంటికి భోజనానికి పిలిచాను. మా నాన్నగారు దేవాలయ సేవలో వయసంతా గడిపినవారు. విదేశీయుణ్ణి పంక్తిలో కూర్చోబెట్టవచ్చునా అని అడిగితే, “అతిథి అతిథే. చివర కూర్చోబెట్టు” అన్నారు.

ఆ రోజు పూజ ఆలస్యమైంది. ఆకులు వేసేసరికే ఆదోని బస్సు వేళ దగ్గరపడింది. నాన్నగారు, నేను, మా బావమరిది, చివర అతిథి. మా ఇంట్లో పెద్దవారు లేవనిదే పంక్తిలో ఎవరూ లేవరు. నాన్నగారు ఆపోశనం పట్టింది మొదలు చేయి కడిగేదాకా మాట్లాడరు. పళ్లు చాలావరకు ఊడిపోయినందువల్ల మెల్లగా నమిలి తింటారు. పప్పన్నం సగంలో ఉండగానే అతిథిని బస్సుకు చేర్చడానికి వచ్చిన జట్కావాడు వీధిలోంచి కేక పెట్టాడు.

“అయివారూ! బస్సు స్టాండులోకి వచ్చె. దొర తిన్న్యాడా లేదా? నా గుర్రం మేత గూడా అయిపాయ!”

“ఈడ మా మామ ఇంకా సారన్నం కాడికే రాలేదప్పా!” అని మా బావమరిది కూర్చున్న చోటినుంచే జవాబిచ్చి, నా వైపు తిరిగాడు. “బావా, ఆయప్పను లెయ్యమని సెప్పు. ఈ బస్సు పోతే మెయిలు యాడ దొరుకుతాది? గడువు దాటితే పోలీసోళ్లు పట్టుకపోతారు.”

నేను అతిథితో ఇంగ్లీషులో, “ఈ నియమం మీకు వర్తించదు. లేవండి” అన్నాను.

“మీకు వర్తిస్తుందా?”

“వర్తిస్తుంది.”

“అయితే నాకూ వర్తిస్తుంది” అని ఆయన నాన్నగారి వైపు ఒకసారి చూసి, కదలకుండా కూర్చున్నాడు. చెమట పడుతోంది, చేతి గడియారం వైపు మాత్రం చూడడం లేదు. తండ్రిని తొందరపెట్టడం నేను నేర్చుకున్న విద్య కాదు. జట్కావాడు మళ్లీ కేక వేశాడు.

నాన్నగారు చారన్నం రెండు ముద్దలు తిన్నారు. నా భార్య పెరుగు గిన్నెతో వచ్చి వంగింది. ఆయన ఆకు మీద అరచేయి అడ్డం పెట్టారు.

“మామయ్యా, పెరుగు!” అంది ఆమె, ఆయన చూడలేదేమోనని.

ఆయన చేయి తీయలేదు. ఎడమచేత్తో చెంబు వంచి కుడి అరచేతిలోకి నీళ్లు తీసుకుని, ఉత్తరాపోశనం పట్టి, నేలకు చేయి ఆనించి లేచారు. పెరుగన్నం లేకుండా ఆయన భోజనం ముగించడం నా ఎరుకలో లేదు. అందరం లేచాం.

చేతులు కడిగాక అతిథి నమస్కరించాడు. “పదిలంగా పోయి రాప్పా” అన్నారు నాన్నగారు.

మేం చేరేసరికి బస్సు కదిలింది. జట్కావాడు లేచి నిలబడి, “ఓ కండక్టరన్నా, నిలుపు! దొరను ఇడిసిపెట్టి పోతే దేశానికే మాట వస్తాది!” అని అరిచాడు. బస్సు ఆగింది. అతిథి కిటికీలోంచి వంగి, “మీ నాన్నగారు తృప్తిగా తిన్నారు కదా?” అని అడిగాడు. అబద్ధమాడడం నా అలవాటు కాదు. అయినా తిన్నారనే చెప్పాను. కండక్టరు విజిల్ ఊదాడు.

ఇంటికి వచ్చేసరికి మా బావమరిది అరుగు మీద కూర్చుని ఉన్నాడు. “ఆయప్పకు బస్సు దొరికె. నా తీపి ఓళిగ ఆకులోనే పాయ” అన్నాడు.

లోపల నా భార్య, పాలైనా తాగమని నాన్నగారిని బతిమాలుతోంది. ఉత్తరాపోశనం పట్టాక ఆ పూట మరేదీ ముట్టరని తెలిసీ బతిమాలుతోంది. “ఎందుకు మామయ్యా అట్ల సగంలో లేస్తిరి?”

“పంక్తిలో ముందు లెయ్యాల్సింది పెద్దోడే కదమ్మా. లేచినాను” అన్నారాయన. పైపంచె పరుచుకుని నడుం వాల్చి, దీపాలు పెట్టేవేళ దాకా మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు.