అంజమ్మ పుంటికూర మడి

తెలంగాణ కోసం సాగిన సకల జనుల సమ్మెకు బస్సులు బందయ్యాయి. హైటెక్ సిటీలో ఒక ఆఫీసు తుడిచే అంజమ్మకు పనికి పోయే దారి లేకపోయింది. ఆమె, భర్త స్వామి మణికొండలో మా ఇంటి పక్క ఖాళీ ప్లాటుకు కాపలా ఉండేవారు. మా ఆయన పోయాక నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడేదాన్ని కాదు. అంజమ్మ అదేమీ పట్టించుకోకుండా గోడ మీదుగా "అక్కా, చాయ్ పెట్టినవా?" అని అడిగి మరీ తాగేది.

ఆమె దగ్గర వాళ్లమ్మ ఇచ్చిపోయిన ఎర్ర పుంటికూర (గోంగూర) విత్తనం రెండు గుప్పెళ్లు ఉండేది. ఊళ్లో కూడా ఆ రకం ఇంకెవరి దగ్గరా మిగల్లేదట. ప్లాటు నిండా ఉన్న కాంగ్రెస్ గడ్డిని, అదే వయ్యారిభామను, పీకి, ఊళ్లో పొలానికి పచ్చిరొట్ట ఎరువు తొక్కినట్టే మడిలో తొక్కి, ఒక గుప్పెడు చల్లింది.

వారానికి నాలుగే మొలకలు వచ్చాయి. అవీ పాలిపోయి, వేళ్లు నల్లబడి ఉన్నాయి.

"నీ చెయ్యి మంచిది కాదే" అన్నాడు స్వామి.

"గీ చేత్తోనే గదా ఇరవై ఏండ్ల సంది నిన్ను సాకుతున్న!"

అలా అందే గానీ ఆమెకు గుబులు పట్టుకుంది. మిగిలింది ఒక్క గుప్పెడు. అదీ పోతే అమ్మ విత్తనం ఇక లేనట్టే. అయితే గోడవార, గడ్డి తొక్కని చోట జారిపడిన రెండు గింజలు మాత్రం నిగనిగలాడుతూ లేచాయి.

"మన్ను గదే, నీళ్లు గవే. ఫరక్ అంత గడ్డిదే అక్కా" అంది.

నన్ను రెండు గిన్నెలు, కాసిన్ని మెంతులు అడిగింది. మెంతులు గుడ్డలో చుట్టి, ఒక గిన్నెలో మంచినీళ్లతో, రెండోదాంట్లో గడ్డి నానబెట్టిన నీళ్లతో తడిపింది. మూడో రోజుకు మంచినీళ్ల మెంతులకు వేలి కణుపంత వేళ్లు వచ్చాయి. గడ్డినీళ్లవి పగిలి అక్కడే ఆగిపోయాయి. కొన్ని కలుపు మొక్కలు మట్టిలోకి రసాయనాలు వదిలి పక్క మొలకల వేళ్లు సాగనివ్వవని నేను చాలా రోజుల తర్వాత రేడియోలో విన్నాను.

"చూసినవా, పక్కోన్ని బతకనియ్యదు గిది!" అంది అంజమ్మ.

ఆ మడి వదిలేసి, గడ్డి తొక్కని గోడ పక్కన కొత్త మడి కట్టింది. నేనూ కొంగు బిగించి మట్టి మోశాను. చివరి గుప్పెడు సాళ్లలో వేశాక నాలుగు రోజులు ఆమె సరిగ్గా తినలేదు. ఐదో రోజు మడంతా ఎర్రగా మొలిచింది.

మూడు వారాలకు స్వామి నలుగురిని వెంటేసుకొచ్చాడు. సమ్మెలో భాగంగా రోడ్డు మీదే వండుకు తినే వంటావార్పు పెట్టారట.

"జర పుంటికూర ఇయ్యే, పప్పుల ఏస్తం."

"కోస్కపోండ్రి. గీ సాలు మాత్రం విత్తనానికి. ముట్టినవో, ఇంట్ల నేను గుడ సమ్మె చేస్త!"

"ఎన్ని రోజులే?"

"గింజ ఎండేదాంక!"

వాళ్లు నవ్వుకుంటూ అవతలి సాళ్లకు వంగారు. అంజమ్మ కొడవలి పట్టుకుని ఆ ఒక్క సాలు ముందే కూర్చుంది.